ఎర్రనీరు వచ్చిందా?

పాపాయమ్మగారు రాజమండ్రి ఇన్నీసుపేటలో ఉంటారు. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మనవరాలు తీసిన వీడియోలో ఆవిడ వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ముందు పులుసు గిన్నె, పక్కన ‘ఎదురీత’ అని అచ్చువేసిన అట్టపెట్టె.

“పుస్తెలమ్మైనా పులస తినమన్నారు పెద్దలు,” అన్నారు కెమెరా వైపు చూడకుండా. “ఇలస తినడానికి పుస్తెలమ్మమని ఎవరూ అనలేదు. ఇది సముద్రం చేప. గోదారి నీళ్ళు ఒక్క గుక్క తాగిన చేప కాదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ తింటున్నానండి, నాకు చెప్పొద్దు.”

గిన్నె మీద మూత పెట్టేశారు. వీడియో అంతే.

మధ్యాహ్నానికి అది తుని నుంచి నరసాపురం దాకా ఫోన్లన్నిటిలోకీ చేరింది. నాగదుర్గకి పంపినవాడు ఏసురాజు. రాజమండ్రిలో పత్రికా విలేకరి. ఇద్దరూ ఒకప్పుడు ఒకే పత్రికకి వార్తలు రాశారు. వీడియో కింద ఒక్క ముక్క పెట్టాడు: ‘పెట్టె మీద కథ నీదే కదా?’

ఆమెదే. సముద్రంలో ఉన్నంతకాలం ఆ చేప ఇలస. ఎగువన వానలు పడి గోదావరికి బురదతో ఎర్రనీరు వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. అప్పుడు పులస. ఆ ఈత వల్ల రుచి మారుతుంది, ధర మారుతుంది, తినేవాడి హోదా కూడా మారుతుంది. చేపల్ని కొట్లలో అమ్మి, యాప్‌లో ఆర్డరిస్తే ఇంటికి చేర్చే కంపెనీ పెడుతున్నామని ఫణీంద్ర వచ్చినప్పుడు ‘ఎదురీత’ అని పేరు పెట్టింది నాగదుర్గే. ప్రతి పెట్టెలో ఒక అట్టముక్క ఉండాలన్నదీ ఆమే. ‘ఈ చేప మీ ఇంటికి రావడానికి గోదారికి ఎదురీదింది’ అని దాని మీద రాసిందీ ఆమే.

దానవాయిపేటలో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని నాగదుర్గ సొంత ఆఫీసు తెరిచింది ఈ ఉగాదికే. పబ్లిక్ రిలేషన్స్ అని బోర్డు పెట్టింది. ఇప్పటిదాకా పని ఇచ్చింది ముగ్గురే: ఒక బట్టల కొట్టు, ఒక పళ్ళ డాక్టరు, ఎదురీత. అందులో ఆఫీసుని నిలబెట్టేది ఎదురీత ఒక్కటే. అయితే ఆమె భయం ఆఫీసు గురించి కాదు. ఆఫీసు పోతే ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. తన పేరు మీద ఒక్క అబద్ధం అచ్చయిందని ఏసురాజు లాంటివాళ్ళు అనుకుంటే, ఇక ఆమె పంపిన కాగితం ఈ రెండు గోదావరుల్లో ఎవరూ విప్పి చూడరు. ఆమెకున్న ఆస్తి ఆ కాగితమే.

*

ఆమెది అంతర్వేది పల్లిపాలెం. నాన్న సముద్రం మీదికి వెళ్ళేవాడు. మేనమామ పెదబాబు మాత్రం వల వదిలేసి తంబూరా పట్టుకున్నాడు. ఆయనకో బుర్రకథ దళం ఉండేది. మధ్యలో ఆయన కథ చెప్పేవాడు, చెరో పక్కన గుమ్మెట వాయిస్తూ ఇద్దరు వంతలు. హాస్యపు వంత ఓసారి పిఠాపురంలో పెళ్ళికని వెళ్ళి తిరిగి రాలేదు. ఆ రాత్రి కథ ఒప్పుకుని ఉన్నారు. పదిహేనేళ్ళ నాగదుర్గ గుమ్మెట మెడకు తగిలించుకుంది.

వంత పని కథకు అడ్డురావడం. రాజు అడవికి బయల్దేరాడని కథకుడు అంటే, “ఒక్కడేనా మావయ్యా? అన్నం క్యారేజీ పట్టుకెళ్ళాడా?” అని అడగాలి. జనం నవ్వుతారు. నవ్వుతూనే, రాజు ఒంటరిగా ఎందుకు వెళ్ళాడా అని ఆలోచిస్తారు. పెదబాబు ఆమెకు నేర్పిన పాఠం ఒకటే. జనం కడుపులో ఉన్న ప్రశ్న వంత నోట్లోంచి రావాలి. వంత అడగని ప్రశ్నని జనం ఇంటికి మోసుకెళ్తారు, ఇంటికెళ్ళాక కథంతా అబద్ధమంటారు.

ఆ తర్వాత ఆమె ఆరోగ్యశాఖ వాళ్ళ కోసం ఊరూరా పోలియో చుక్కల కథ చెప్పింది. అమలాపురం కేబుల్ చానల్లో వార్తలు చదివింది. పత్రికకు విలేకరిగా వరదలు రాసింది, పంచాయతీ ఎన్నికలు రాసింది, ద్రాక్షారామం కల్యాణాలు రాసింది. రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి పీఆర్వోగా చేసింది. “మనం చీరలు కూడా అన్నిసార్లు మార్చం, అది ఉద్యోగాలు మార్చినట్టు,” అనేది పిన్ని సత్యవాణి. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా, “ఇప్పుడు ఎందులో ఉన్నావే?” అని అందరూ వినేలా అడిగేది.

*

సాయంత్రానికి నాగదుర్గ నరసాపురంలో ఎదురీత ప్యాకింగ్ షెడ్డుకి చేరింది. ఫణీంద్రది భీమవరం. తండ్రి సీతారామరాజుకి రొయ్యల చెరువులున్నాయి. చెరువులుండగా చేపలమ్ముకోవడం ఏంట్రా అని ఆయన అన్నా వినకుండా కంపెనీ పెట్టాడు. ఇప్పుడు ఆ తండ్రే షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“మేడమ్, ఖండన రాసెయ్యండి,” అన్నాడు ఫణీంద్ర. “గిట్టనివాళ్ళు చేయించారని రాయండి. రేపు పొద్దున్నే రాజమండ్రిలో ప్రెస్ మీట్ పెట్టేశాం.”

“ఆ చేప ఎక్కడిదండీ?”

“అదిప్పుడు ఎందుకండీ?”

“ఎక్కడిదండీ?”

అతను ఐసు మిషను వైపు చూశాడు. “ఒరిస్సాదండి.”

ఈ ఏడు వరద ఆలస్యమైంది. ఆర్డర్లు మాత్రం యాప్‌లో ముందే తీసేసుకున్నారు. తొలి పులస మాకంటే మాకని జనం ఎగబడ్డారు. పడవలు ఖాళీగా తిరిగొస్తుంటే మేనేజరు లారీ తెప్పించాడు. ఆ లారీ సంగతి ఫణీంద్రకి తెలిసేసరికి పెట్టెలు వెళ్ళిపోయాయి.

“అప్పుడైనా చెప్పొచ్చు కదండీ?”

“ఆర్డర్లు వెనక్కిస్తే పరువు పోతుందనుకున్నానండి.”

“ఇప్పుడు ఉందాండి?”

“ఏంటి?”

“పరువు.”

సీతారామరాజు కుర్చీ ముందుకి జరిపాడు. “అమ్మా, మా ఇంట్లో తప్పయిపోయిందని మైకు పట్టుకుని చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. మావాడికి కొత్త అలవాట్లు చెయ్యకండి.”

“ఖండన నేను రాయనండి రాజుగారూ.”

“రాయకండి. మా మేనేజరు రాస్తాడు. మీరు పక్కన కూర్చుంటే చాలు. మీ మొహం చూసి విలేకర్లు ఊరుకుంటారు.”

తనని ఎందుకు పెట్టుకున్నారో ఆమెకు అప్పుడు అర్థమైంది.

“కూర్చుంటానండి,” అంది. “కానీ ముందే చెప్తున్నా. ఆయన అబద్ధం చదివితే నేను ప్రశ్న అడుగుతాను. అందరి ముందూ అడుగుతాను.”

ఫణీంద్ర నవ్వాడు. “మీరు మా మనిషి కదండీ?”

“వంత కూడా కథకుడి మనిషేనండి,” అని లేచింది. తండ్రీకొడుకులకి ఆ మాట బోధపడలేదు.

బస్సు పాలకొల్లు దాటుతుండగా పెదబాబు ఫోన్ చేశాడు. ఆయనకిప్పుడు చూపు ఆనడం లేదు. వీడియోని ఎవరి చేతో పెట్టించుకుని విన్నాడు.

“ఏమే దుర్గమ్మా, ఆ పెట్టెలో ముక్క నువ్వే రాశావంటగా?”

“నేనే మావయ్యా.”

“బావుంది. రాస్తున్నప్పుడు పక్కన వంత ఎవరు?”

“ఎవరూ లేరు.”

“అదీ సంగతి. ఆఫీసు పెట్టగానే తంబూరా నువ్వే పట్టుకున్నావు. గుమ్మెట ఎక్కడ పారేశావు?”

“రేపు తియ్యాల్సొచ్చేలా ఉంది.”

“తియ్యి మరి. మొదటి ప్రశ్న చిన్నది అడుగు. జవాబు అందరికీ తెలిసిందే అడుగు. తర్వాత నవ్వించు. నవ్వినవాడు రాయి వెయ్యడు. కథకుణ్ణి కూడా నవ్వించాలే. లేకపోతే వాడు మాట మింగేస్తాడు.”

ఆమె ఇంకో ఫోన్ చేసింది. పాపాయమ్మగారికి.

“రేపు ప్రెస్ మీట్‌కి రండి టీచరుగారూ.”

“ఎందుకు, నన్ను తిట్టడానికా?”

“వినడానికండి.”

“ఆటో పంపుతారా?”

“ఆయ్, పంపుతానండి.”

*

హోటలు పుష్కర ఘాట్‌కి దగ్గర్లో ఉంది. హాలు మేడ మీద. ఒక పక్క కిటికీలన్నీ గోదావరి వైపే. వేదిక వెనక ఫ్లెక్సీ మీద చేప బొమ్మ, ఫణీంద్ర బొమ్మ ఒకే సైజులో ఉన్నాయి. ముందు వరసలో సీతారామరాజు. రెండో వరసలో పాపాయమ్మగారు, ఒళ్ళో స్టీలు బాక్సుతో.

“అదేంటి టీచరుగారూ?” అని ఎవరో అడిగారు.

“సాక్ష్యం. నిన్నటి పులుసు. పులసైతే మర్నాటికి రుచి పెరగాలి. ఇది పెరగలేదు.”

కేబుల్ చానళ్ళ వాళ్ళు మైకులు సర్దుకున్నారు. ఫణీంద్ర కాగితం తీశాడు. “మా సంస్థ ప్రతిష్ఠను దెబ్బతీయాలన్న దురుద్దేశంతో కొన్ని శక్తులు...” అని మొదలుపెట్టాడు.

ఏసురాజు పెన్నుకి క్యాప్ పెట్టేశాడు. నాగదుర్గ అది చూసింది. ఖండన చదువుతుండగా విలేకరి పెన్ను మూశాడంటే రేపటి వార్త అతని బుర్రలో అప్పుడే తయారైపోయిందని ఆమెకు తెలుసు. ఆ వార్తలో తన పేరు కూడా ఉంటుంది.

రెండో మైకు తన వైపు తిప్పుకుంది.

“ఫణీంద్రగారూ, నాదో చిన్న సందేహమండి.”

అతను చదవడం ఆపి ఆమె వైపు చూశాడు. తల అడ్డంగా ఊపబోయాడు.

“ఈ ఏడు ఎర్రనీరు వచ్చిందాండి?”

అది పీఆర్వో గొంతు కాదు. పల్లెల్లో దీపాల వెలుతురులో చివరి వరస దాకా వెళ్ళిన గొంతు. వెనకెవరో కిసుక్కుమన్నారు. హాల్లో తలలన్నీ కిటికీల వైపు తిరిగాయి. గోదావరి తేటగా ఉంది. ఘాట్ దగ్గర నీళ్ళలో మునిగిన మెట్లు కూడా కనిపిస్తున్నాయి. అక్కడున్నవాళ్ళంతా రోజూ చూస్తున్న ఏరే అది. తొలి పులస అనగానే ఆ ఏటి వైపు ఒక్కరూ చూడలేదు. ఆమె కూడా చూడలేదు.

“ఇంకా... రాలేదండి,” అన్నాడు ఫణీంద్ర.

“మరి మన పులసలు ఎలా వచ్చాయండి? ఎర్రనీరు లేకపోయినా పర్లేదని ఆధార్ కార్డు చూపించి వచ్చాయా?”

నవ్వులు. ఫణీంద్ర తండ్రి వైపు చూశాడు. సీతారామరాజు కొడుకుని చూడలేదు. నాగదుర్గనే చూస్తున్నాడు. ఫణీంద్ర చేతిలో కాగితాన్ని సగానికి మడిచాడు. మళ్ళీ మడిచాడు.

“లారీలో వచ్చాయండి.”

“ఎక్కణ్ణుంచి?”

“ఒరిస్సా నుంచి.”

“లారీ ఏమైనా ఏటికి ఎదురీదిందాండి?”

హాలు గొల్లుమంది. కెమెరా పట్టుకున్న కుర్రాడి చెయ్యి కదిలిపోయింది. ఫణీంద్ర పెదాలు బిగించుకున్నాడు గానీ ఆగలేదు. అతనూ నవ్వేశాడు. ఆ నవ్వుతో భుజాలు దిగాయి.

నాగదుర్గ గొంతు మార్చింది. ఇప్పుడు విలేకరిలా అడిగింది.

“మీకెప్పుడు తెలిసింది?”

“పెట్టెలు వెళ్ళాక.”

“తెలిశాక ఎందుకు చెప్పలేదు?”

“సిగ్గేసిందండి. మా నాన్నగారు వద్దన్నా పెట్టిన కంపెనీ. మొదటి ఏడే ఇలా అయిందని చెప్పలేకపోయాను.”

“కొన్నవాళ్ళ సంగతేంటి?”

“డబ్బు వెనక్కిచ్చేస్తాం. అందరికీ.” ఆ మాట ఎవర్నీ అడక్కుండా అన్నాడు. అన్నాక ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు. “ఎర్రనీరు వచ్చేదాకా పులస అమ్మం. ఈలోగా ఇలస కావాలంటే ఇలస అని చెప్పే అమ్ముతాం. ఇలస ధరకే.”

ఏసురాజు లేచాడు. “మేం అడగాల్సినవన్నీ నువ్వే అడిగేస్తే ఇంక మేం టిఫిన్ తిని వెళ్ళిపోవడమేనా?”

“పెసరట్టు ఉప్మా ఉందండి. తినే వెళ్ళండి.”

“తింటాలే. ఒకటి మిగిలింది.” అతను నవ్వడం లేదు. “ఈ సంగతి నీకు ముందే తెలుసా?”

నాగదుర్గ మైకు దగ్గరికి వంగింది. ఆమె నోరు తెరిచేలోపే ఫణీంద్ర మాట్లాడాడు.

“ఆవిడకి మేం చెప్పలేదండి. నిన్న ఆవిడ అడిగితేనే చెప్పాను. ఖండన రాయమంటే రాయనన్నారు. అబద్ధం చదివితే అందరి ముందూ అడుగుతానన్నారు.” గొంతు సర్దుకున్నాడు. “నేను జోకనుకున్నానండి.”

ఏసురాజు పెన్ను క్యాప్ తీశాడు.

మీటింగ్ అయ్యాక మెట్ల దగ్గర సీతారామరాజు ఆమె కోసం ఆగాడు. ఆయన ఏమంటాడో విందామని ఇద్దరు ముగ్గురు కావాలని నెమ్మదిగా దిగారు.

“మావాణ్ణి పదిమందిలో నిలబెట్టేశారమ్మా.”

“అవునండి.”

ఆయన చేతికర్ర ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి మార్చాడు. “నిలబడ్డాడు,” అన్నాడు. “రేపట్నించి ఏం చెయ్యాలో చెప్పండి.”

*

ఆమె ఎక్కువ చెయ్యలేదు. ఎదురీత కొట్ల ముందు ఫ్లెక్సీలు తీయించింది. చేప బొమ్మ లేదు, ఫణీంద్ర బొమ్మ లేదు. ఒక నల్లబల్ల పెట్టించింది. పైన రంగుతో ఒకే ప్రశ్న: ‘ఎర్రనీరు వచ్చిందా?’ కింద సుద్దముక్కతో జవాబు: ‘ఇంకా రాలేదు.’ రోజూ పొద్దున్నే పాత జవాబు తుడిచి, అదే జవాబు మళ్ళీ రాయాలి. ఆటోల్లో మైకు కట్టి ప్రశ్న ఒక్కటే అడిగించింది. జవాబు చెప్పకుండా ఆటో వెళ్ళిపోయేది.

మొదట్లో జనం ఇదేం పిచ్చి అనుకున్నారు. తర్వాత బల్ల పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. బస్సు కండక్టర్లు డ్రైవర్లని అడిగారు. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు తండ్రి అడిగాడట. వేరే చోట తట్టలో పెట్టుకుని తొలి పులస అని కేకేసినవాడిని కొనేవాళ్ళంతా అదే మాట అడిగేసరికి తట్ట మీద గోనె కప్పేశాడు. పాపాయమ్మగారు ఇంకో వీడియో పెట్టారు. ఇలస తెప్పించుకుని వండారు. “ఇలస అని చెప్పి పంపారు,” అన్నారు. “ఇలసలాగే ఉంది.” మూత పెట్టేశారు. మొదటి వీడియో కంటే దాన్నే ఎక్కువమంది చూశారు.

ఏసురాజు రాసిన వార్త మొదటి పేజీలో వచ్చింది. దాంట్లో ఆమె పేరు ఒక్కసారే ఉంది, తప్పులేకుండా ఉంది. ఆ వారం నుంచి దానవాయిపేట ఆఫీసుకి ఫోన్లు మొదలయ్యాయి. తాడేపల్లిగూడెం నుంచి ఒక రైసుమిల్లు, కాకినాడ నుంచి ఒక కాలేజీ. అందరూ మొహమాటపడుతూ ఒకటే అడిగారు. “మా మీటింగుకి కూడా మీరు ప్రశ్నలు అడగాలండి. కాకపోతే ఆ నవ్వించేది కొంచెం తగ్గించి.” నాగదుర్గ తగ్గించనని చెప్పింది. అయినా వచ్చారు. మూడో గది అద్దెకు తీసుకోవాల్సి వచ్చింది.

పిన్ని సత్యవాణి ఫోన్ చేసి, ఈసారి గొంతు తగ్గించి అడిగింది. “ఇంతకీ నువ్వు చేసేది ఏ ఉద్యోగమే?”

“ఉన్నవన్నీ పిన్నీ. అన్నీ ఒకేసారి చేస్తున్నా.”

ఒకరోజు తెల్లవారగానే సీతారామరాజు నుంచి ఫోన్ వచ్చింది. వెనక నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

“ఎక్కడున్నారండీ రాజుగారూ?”

“ధవళేశ్వరంలో, ఆనకట్ట మీద. అమ్మా, వచ్చింది.”

ఆమె పెదబాబుకి కారు పంపింది. రాజమండ్రి కొట్టు దగ్గరికి ఆయన చేరేసరికి క్యూ సందు మలుపు తిరిగిపోయింది. నల్లబల్ల మీద ‘ఇంకా రాలేదు’ అలాగే ఉంది. ఎవరు తుడవాలా అని అందరూ చూస్తున్నారు. ఫణీంద్ర గుడ్డ తీసి తండ్రికిచ్చాడు. సీతారామరాజు తుడిచి, సుద్దముక్కతో పెద్ద అక్షరాల్లో ‘వచ్చింది’ అని రాశాడు. మొదటి పడవ చేపల పెట్టె పాపాయమ్మగారి చేతికిచ్చారు. ఆవిడ అక్కడే మూత తీసి, చేప కళ్ళు చూసి, మూత పెట్టి, ఏమీ అనకుండా ఆటో ఎక్కారు. ఆవిడ ఏమీ అనలేదంటే అర్థం ఏంటో ఈపాటికి ఊరందరికీ తెలుసు. క్యూలో చప్పట్లు మోగాయి.

పెదబాబు కారులోంచి దిగుతూ గుమ్మెట నాగదుర్గ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని మెడకు తగిలించుకుని ఆయనకి కుడిపక్కన నిలబడింది. ఆయన తంబూరా మీటాడు.

“సముద్రం వదిలి, ఇల్లూ వాకిలీ వదిలి, గోదారమ్మకు ఎదురీదిన చేప కథ వినండయ్యా,” అని ఎత్తుకున్నాడు.

నాగదుర్గ గుమ్మెట మీద ఒక్క దెబ్బ వేసింది. “మావయ్యా, నాదో సందేహం.”

ఆమె అడగక్కర్లేకపోయింది. క్యూ అంతా, సందు మలుపు అవతలున్నవాళ్ళతో సహా, ఒక్క గొంతుతో అడిగేసింది.